పడని రాయి చెప్పే చరిత్ర

మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌లో, గోండు రాజులను తలపించే మదన్ మహల్ కోటకు వెళ్ళే దారిలో ఒక వింత కనబడుతుంది. పెద్ద బండమీద మరో గుండు నిలిచి ఉంటుంది. రెండూ ఆనుకున్నది కొద్దిచోటే. చెయ్యి వేస్తే దొర్లుతుందేమో అనిపిస్తుంది. దీన్ని అక్కడ ఎవరు పెట్టారు?

ఎవరూ పెట్టలేదు. నూరు కోట్ల ఏళ్ళకు ముందే శిలాద్రవం భూగర్భంలో నెమ్మదిగా చల్లారి ఈ గ్రానైట్ ఏర్పడింది. పైపొరలు కొట్టుకుపోయి బరువు తగ్గినకొద్దీ అందులో నిలువుగా, అడ్డంగా పగుళ్ళు పడ్డాయి. వాటిలోకి దిగిన వాననీరు రాతిలోని ఫెల్డ్‌స్పార్‌ను బంకమన్నుగా మార్చింది. మూలలకు అన్నివైపులా నీరు తగులుతుంది కనుక అవే ముందు అరిగాయి. పలకల దిమ్మ గుండయింది. తర్వాత చుట్టూ ఉన్న మన్ను వానలకు కొట్టుకుపోయింది. గమనించండి: రాయి ఎక్కడినుంచో వచ్చి కూర్చోలేదు. అది ఉన్నచోటే ఉంది, చుట్టూ ఉన్నదే పోయింది. గోల్కొండ కోటలో మీరు చూసే గుండ్లూ ఇలా తయారైనవే.

మరి ఇందులో చరిత్ర ఏముంది? 1997 మే 22న తెల్లవారుజామున జబల్‌పూర్‌ను సుమారు 6 తీవ్రతగల భూకంపం కుదిపింది. ముప్పైమందికి పైగా మరణించారు. వేలాది ఇళ్ళు దెబ్బతిన్నాయి. ఈ రాయి మాత్రం పడలేదు. కొందరికి అది మహిమ, శాస్త్రజ్ఞులకు కొలబద్ద. ఒక రాయిని పడగొట్టాలంటే నేల ఎంత బలంగా ఊగాలో లెక్కకట్టవచ్చు. రాయి నిలిచే ఉందంటే, అది ఈ స్థితికి వచ్చినప్పటినుంచి ఆ చోట అంతటి ఊపు రాలేదన్నమాట. 1990 దశకంలో జేమ్స్ బ్రూన్ మొదలైనవారు అమెరికాలోని నెవాడా, కాలిఫోర్నియాలలో ఇలాంటి రాళ్ళను ఈ దృష్టితోనే పరిశీలించారు. మనదేశంలో తొలి భూకంప పరిశీలనాకేంద్రం కలకత్తాలోని అలీపూర్‌లో 1898లో వెలసింది. అంతకు ముందరి కాలానికి యంత్రాల లెక్క లేదు. ఇలాంటి రాళ్ళ సాక్ష్యం అందుకే విలువైనది.

అయితే తొందరపడి ధైర్యం తెచ్చుకోకండి. రాతినేలమీద ఊపు తక్కువ, మెత్తని ఒండ్రునేలమీద ఎక్కువ. కొండమీది రాయి నిలిచింది కదా అని కింద మట్టినేలమీది ఇల్లు నిలుస్తుందని చెప్పలేం. ఇల్లు కట్టేటప్పుడు భూకంపాన్ని తట్టుకునే నియమాలు పాటించవలసిందే.

ఇలాంటి రాయి కింద సిమెంటు నింపినా, కంకరకోసం దాన్ని పగలగొట్టినా ఆ సాక్ష్యం పోతుంది. దాన్ని మళ్ళీ తయారుచేయడం మన తరంకాదు. మీ ఊరి దారిపక్కన అలాంటి గుండు ఉంటే ఫొటో తీసి, తేదీ వేసి భద్రపరచండి. దాన్ని కొట్టబోయేవారికి ఈ సంగతి చెప్పండి.