కల్యాణపురం అనిపించుకొన్న యానాం

కాకినాడ నుండి తాళ్ళరేవు, కోరంగి మీదుగా పోతే గౌతమీ గోదావరి ఒడ్డున యానాం తగులుతుంది. సముద్రం ఇంకా కొంత దిగువన ఉన్నా గాలిలో ఉప్పు తెలుస్తూనే ఉంటుంది. చుట్టూ ఆంధ్రదేశమే; ఊరు మాత్రం పుదుచ్చేరి పాలనలోనిది. మేము అక్కడ చూచిన వింతలలో మొదటిది మీసాల వేంకన్న. ఏడుకొండలస్వామి ఈ ఊరిలో మీసకట్టుతో దర్శనమిస్తాడు. ఊరికి ఒక ప్రక్కన ప్యారిసులోని ఈఫిల్ గోపురాన్ని తలపించే ఉక్కు కట్టడం ఇటీవలి కాలంలో లేచినది. పోయిన దొరల గురుతును ఇంత ఎత్తున నిలుపుకొనడం యానాంవారికే చెల్లినది!

అయితే ఒకనాడు ఈ ఊరికి పేరు తెచ్చినవి ఇవి కావు, పెండ్లిండ్లు.

ఫ్రెంచివారు 1723లో ఇక్కడ వర్తకస్థానం పెట్టినారు. నాలుగేండ్లకే మూసి 1731లో తిరిగి తెరచినారు. ఇంగ్లీషువారితో యుద్ధాలలో ఊరు పలుమారులు చేతులు మారినది. నెపోలియను పతనానంతరం ఫ్రెంచివారికి దక్కిన ఈ 30 చదరపు కిలోమీటర్లలో వారి చట్టమే చట్టం.

1929లో శారదా చట్టం వచ్చినది. 1930 ఏప్రిల్ 1 నుండి 14 ఏండ్లు నిండని బాలికకు, 18 ఏండ్లు నిండని బాలునికి వివాహం చేయడం బ్రిటిషు ఇండియాలో నేరమైనది. దండన నెల ఖైదు, వేయి రూపాయల జరిమానా వరకు. అప్పుడు గోదావరి జిల్లాలవారికి యానాం కనుపించినది. కోనసీమ నుండి పడవలపై, మెట్టగ్రామాల నుండి బండ్లపై పెండ్లివారు తరలివచ్చినారు. యానాం కల్యాణపురమైనది.

ఇదే గోదావరికి ఎగువన, రాజమహేంద్రవరంలో, 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులుగారు బాలవితంతువు గౌరమ్మకు పునర్వివాహం జరిపించినారు. పంతులుగారు 1919లో కీర్తిశేషులైనారు. ఆయన పోయిన పదునొకండవ యేట, అదే నీటిమీద, నిద్రపోతున్న వధువులను ఎత్తుకొని రేవులో దించినారు!

ఫ్రెంచి సరిహద్దు 1908లో సుబ్రహ్మణ్య భారతికి, 1910లో అరవిందునికి పుదుచ్చేరిలో ఆశ్రయమిచ్చినది. యానాంలో ఆశ్రయం పొందినవారు చట్టానికి జంకిన తలిదండ్రులు. వారి ఒడిలోని పిల్లలకు ఆశ్రయమెక్కడ?

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వాన స్వచ్ఛందదళం యానాంను స్వాధీనం చేసుకొన్నది. ఆ నవంబరు 1న పాలన భారతదేశానికి వచ్చినది. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం ఆలస్యమై, 1962 ఆగస్టు 16న గాని విలీనం పూర్తికాలేదు. ఈనాడు ఎల్ల దాటివచ్చేవారు పెట్రోలుకో మద్యానికో వస్తున్నారు.

వేంకన్న గుడి మెట్లమీద ఒక వృద్ధురాలు మాతో మాట కలిపినది. ఆమె పెండ్లి ఈ ఊరిలోనే అయినదట. ఎన్నవ యేట అని అడిగినాము.

“ఏమో బాబూ, ఊహ తెలీదు. పందిట్లో బూరెలు పెట్టారు, అదొక్కటే గుర్తు,” అన్నది.