బల్కాపురపుఁ గాలువ

చేవెళ్ల రెవెన్యూ విభాగమున చేవెళ్ల, మొయినాబాదు, శంకరుపల్లి, షాబాదు మండలములు చేరియున్నవి. ఈ సీమకు నుత్తరమున మూసీయు, దక్షిణమున నీసాయుఁ బాఱుచున్నవి. భాగ్యనగరముయొక్క నీటి చరిత్ర యిచటనే యారంభించుచున్నది.

1562 ప్రాంతమున ఇబ్రాహీం కుతుబ్ షా కాలమున హుసేన్ షా వలీ పర్యవేక్షణమున హుసేనుసాగరము కట్టఁబడెను. ఆ చెఱువునకు మూసీనీరు తెచ్చుటకై శంకరుపల్లి చెంతనున్న బల్కాపురమునుండి కాలువ త్రవ్విరి. నార్సింగి, మణికొండ, షేక్‌పేటల మీఁదుగా నది సాగరమును జేరును. నది దిగినంత వేగముగా నిట్టి కాలువ దిగరాదు. మిట్టల యొడ్డున మెల్లఁగా వంపులు తిరుగుచు, ఎత్తును గాపాడుకొనుచు నడవవలెను. యంత్రసాధనములు లేని నాఁడు నేలవాలు నింత సూక్ష్మముగా నెఱిఁగిన పనివారి పేళ్లు చరిత్రకారులకుఁ బట్టలేదు.

షాబాదు మండలమున చందనవెల్లి యొద్ద నీసానుండి బయలుదేఱి ఇబ్రహీంపట్టణపుఁ జెఱువునకుఁ బోవు ఫిరంగి కాలువ మఱియొకటి. ఇచట ఫిరంగి యనఁగా మందు కూరి ప్రేల్చునది గాదు, ఐరోపావాఁ డని యర్థము.

1908 సెప్టెంబరు 28వ తేది వఱద పిమ్మట విశ్వేశ్వరయ్యగారి యాలోచన ననుసరించి మూసీపై ఉస్మానుసాగరము 1920లోను, ఈసాపై హిమాయతుసాగరము 1927లోను ముగిసినవి. అటుపై నందఱి దృష్టియు జలాశయములమీఁదనే నిలిచినది. 1996లో 111వ ప్రభుత్వోత్తరువు వాని రక్షణమునకై మొయినాబాదు, చేవెళ్ల మొదలగు మండలములలోని 84 గ్రామములఁ గట్టడముల నిర్బంధించెను; 2022 ఏప్రిలులో 69వ యుత్తరువు ఆ నిర్బంధములఁ దొలఁగించినట్లు ప్రకటించెను. ఈ వాదమంతయు జలాశయములను గూర్చినదే. పాఁతకాలువల నడిగినవారు తక్కువ.

చెఱువునఁ గొంత భాగము పూడినను మిగిలినచోట నీరు నిలుచును. కాలువ యట్లు గాదు. నడుమ నొక్క పొలమున గట్టు త్రెంచి చదును చేసిన, దిగువ నెన్ని క్రోశులు చక్కఁగా నున్నను వ్యర్థమే. కావున కొలతయుఁ, సరిహద్దురాళ్లును బల్కాపురపుఁ దలయొద్దనే మొదలు పెట్టవలెను. నగరమున నలంకారముగా గట్లు కట్టినంత మాత్రమున ఫలము లేదు.

దీనికిఁ బేరే సాక్షి. సంస్కృతమున నాళ మనఁగా గొట్టము, తూఁడు; ‘నాలా’ యనునది దాని బంధువే, మొదట నిందాపదము గాదు. నేఁడు నగరమున బల్కాపురపు నాలా యనఁగా హుసేనుసాగరమున మురుగు కలుపు పాయలలో నొకటి.