అమ్మ చెల్లదట!

మా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీలకేం కొదవ లేదు. మా అమ్మాయి అలాంటి ఒకదాన్లోనే రెండో ఏడు చదువుతోంది. మొన్న ఆదివారం పాలలెక్క, గ్యాసులెక్క చూసే ప్రోగ్రాం రాస్తానని కూచుంది. "పేర్లు తెలుగులో పెట్టవే, నాకూ తెలుస్తుంది" అన్నాను.

ప్రోగ్రాంలో పేరంటే మన పోపుల డబ్బాల మీద అంటించే చీటీ లాంటిదేనట. దానిమీద ఏం రాయవచ్చో భాష చేసినవాళ్ళే నిర్ణయిస్తారు. 1957 నాటి ఫోర్ట్రాన్‌లో పేరు ఆరక్షరాలు మించకూడదు, అవీ ఇంగ్లీషువే. ఎంత పిసినారితనమో చూడండి! 1991లో యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకి చోటు దొరికింది. అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ తలా ఒక గది. 1996లో జావా, 2008లో పైథాన్ మూడో కూర్పు మన అక్షరాలతో పేర్లు పెట్టుకోనిచ్చాయి.

పైథాన్‌లో "పాలు" చెల్లింది. "౨పాలు" చెల్లలేదు. అంకెతో పేరు మొదలుకాకూడదట, ఇంగ్లీషుకీ అదే నియమం కనక సరిపెట్టుకున్నాను. "గ్యాస్‌బండ" దగ్గర వచ్చింది తంటా. స కింద బ వత్తు పడకుండా మధ్యలో కంటికి కనిపించని గుర్తొకటి ఉంటుందిట. మనకి కనపడకపోయినా పైథాన్ పట్టేసింది!

తర్వాత పిల్ల గో అనే భాష తెరిచింది. 2009లో గూగుల్‌వారు బయటపెట్టినది. ముచ్చటగా "అమ్మ" అని కొట్టింది. చెల్లదంది! నాకు చురుక్కుమంది. గో భాష పేర్లలో అక్షరాలూ అంకెలూ అడుగుగీతా తప్ప మరొకటి రానివ్వదు. యూనికోడ్ లెక్కలో పొల్లూ, గుణింతాలూ, సున్నా అక్షరాలు కావు, వట్టి గుర్తులు. అమ్మలో రెండు 'మ'ల మధ్యా పొల్లుందిగా! "పలక" చెల్లింది, "బలపం" చెల్లలేదు. హిందీవాళ్ళ గుణింతాలకీ ఇదే గతిట. గుణింతం లేకుండా ఎవరైనా ఓనమాలు దాటారటండీ?

గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా (1550-80) పేరు మన కవుల నోటికి తిరగలేదు. అయినా చెల్లదనలేదు వాళ్ళు. మల్కిభరాముడని మార్చుకున్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానము' ఆయనకే అంకితమిచ్చాడు.

అది తోచి, "గ్యాసుబండ అని రాయి, మనం అనేదీ అదేగా" అన్నాను. మళ్ళీ పైథాన్ తెరిచి కొట్టింది. చెల్లింది.

"అమ్మా, ఈ నెల పాలవాడికి రెండు రోజులు ఎక్కువ కట్టేశావు" అంది పిల్ల.