గుండెదడ, గుండె మందుల దుష్ఫలితాలు

మామూలుగా మనిషికి తన గుండె కొట్టుకుంటున్న సంగతి తెలియదు. అది తెలిసివస్తే గుండెదడ అంటారు. గుండె వేగంగానో, గట్టిగానో, లయ తప్పో కొట్టుకుంటున్నట్టు అనిపిస్తుంది. ఇది జబ్బు కాదు, లక్షణం. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్ల గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. ఆ హద్దుల్లో ఉన్నా దడ రావచ్చు. హద్దు దాటినా కొందరికి ఏమీ తెలియకపోవచ్చు. దడ ఎంత గట్టిగా ఉందన్నదాన్ని బట్టి ప్రమాదం ఎంతో చెప్పలేం. రోగులకూ డాక్టర్లకూ చిక్కంతా ఇక్కడే.

‘ఒక్క క్షణం గుండె ఆగిపోయి ధన్‌మని మళ్లీ కొట్టుకుంది’ అని చాలామంది చెబుతారు. నిజానికి గుండె ఆగదు. గుండె కుడి పైగదిలోని సైనస్ కణుపు నుంచి లయ పుడుతుంది. మరెక్కడివో కణాలు దానికంటే ముందే ఒక విద్యుత్ సంకేతం పంపితే అకాల స్పందన వస్తుంది. అప్పటికి గదిలో రక్తం సరిగా నిండదు కాబట్టి ఆ స్పందన చాలామందికి తెలియదు. దాని వెనుక కాస్త ఎక్కువ విరామం వస్తుంది. ఆ విరామంలో గది బాగా నిండి, తర్వాతి స్పందన బలంగా తగులుతుంది. అంటే మనిషిని హడలగొట్టేది వేళకు వచ్చిన స్పందనే. గుండె నిర్మాణంలో లోపం లేనివారికి అడపాదడపా వచ్చే ఇలాంటి స్పందనల వల్ల సాధారణంగా ముప్పు ఉండదు. రాత్రి ఎడమవైపు తిరిగి పడుకుంటే గుండె ఛాతీ గోడకు దగ్గరవుతుంది కాబట్టి ఇవి ఇంకా బాగా తెలుస్తాయి.

దడకు కారణం గుండెలోనే ఉండాలని లేదు. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువ కావడం, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం, ఆందోళన, నిద్రలేమి, కాఫీ, మద్యం, గర్భం, నెలసరి ఆగే వయసు, షుగర్ పడిపోవడం, ఇవన్నీ దడ పుట్టిస్తాయి. ఆస్తమాకు పీల్చే సాల్బుటమాల్ వల్ల కూడా రావచ్చు. గుండెకు సంబంధించినవాటిలో ముఖ్యమైనవి ఉన్నట్టుండి మొదలై ఉన్నట్టుండి ఆగే ఎస్‌వీటీ, పైగదులు అస్తవ్యస్తంగా అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, కిందిగదుల్లో పుట్టే ప్రమాదకరమైన వేగం.

దడ వచ్చినప్పుడు తీసిన ఈసీజీకి ఉన్న విలువ మరే పరీక్షకూ లేదు. కానీ ఆస్పత్రికి చేరేసరికి దడ కాస్తా తగ్గిపోతుంది. అందుకే ఒకరోజో అంతకంటే ఎక్కువో ఒంటిమీదే ఉండి ఈసీజీ నమోదు చేసే హోల్టర్ పరికరం వచ్చింది. అమెరికాలోని మోంటానాకు చెందిన నార్మన్ హోల్టర్ మొదట తయారుచేసినది వీపున మోయాల్సిన దాదాపు 38 కిలోల మూట. ఇప్పటిది జేబులో పడుతుంది. పరికరం లేనప్పుడు బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నాడిని నిండు నిమిషం లెక్కపెట్టాలి. లయ తప్పిన నాడిని పావునిమిషం లెక్కించి నాలుగుతో గుణిస్తే లెక్క తప్పుతుంది. దడ ఎలా ఉందో బల్ల మీద వేలితో కొట్టి చూపించినా డాక్టరుకు చాలా సంగతి తెలుస్తుంది.

మందుల సంగతి

1960ల్లో బ్రిటన్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ కృషితో ప్రొప్రనొలాల్ అనే బీటాబ్లాకర్ మందు వచ్చింది. ఆయనకు 1988లో నోబెల్ బహుమతి దక్కింది. మెటొప్రొలాల్, బిసొప్రొలాల్ కూడా ఈ బీటాబ్లాకర్ల కుటుంబానివే. ఇవి అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకుంటాయి. అందుకే దడ తగ్గుతుంది, అందుకే నీరసం కూడా వస్తుంది. మెట్లెక్కితే గుండె పరుగెత్తదు కానీ కాళ్లు బరువెక్కుతాయి. చేతులు చల్లబడటం, పీడకలలు, లైంగిక ఇబ్బంది కొందరిలో కనిపిస్తాయి. ఆస్తమా ఉన్నవారికి ఊపిరి బిగుసుకోవచ్చు. షుగరు మందులు వాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. షుగర్ పడిపోయినప్పుడు హెచ్చరించే దడను ఈ మాత్ర దాచేస్తుంది, చెమట మాత్రం పడుతుంది. ఇక ‘మందు పడలేదు’ అని ఒక్కసారిగా మానేస్తే గుండె వేగం, బీపీ ఎగదన్నుతాయి. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారికి గుండెపోటే రావచ్చు. మోతాదును కొద్దికొద్దిగా తగ్గిస్తూ మానాలి.

లయను సరిచేసే మందే లయను చెడగొట్టగలదు. ఈ విషయాన్ని తిరుగులేకుండా చూపింది అమెరికాలో జరిగిన క్యాస్ట్ అధ్యయనం. గుండెపోటు తర్వాత అకాల స్పందనలు ఎక్కువగా ఉన్నవారికి ముప్పు కూడా ఎక్కువని అప్పటికే తెలుసు. వాటిని అణిచేస్తే ప్రాణాలు నిలుస్తాయని అనుకున్నారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఈసీజీలో ఆ స్పందనలను బాగానే తగ్గించాయి. కానీ 1989లో వెలువడిన తొలి ఫలితాల్లో, ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారికంటే ఈ మందులు వేసుకున్నవారే ఎక్కువమంది చనిపోయినట్టు తేలింది. పరీక్షలో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. ప్రమాదం లేని అకాల స్పందనలకు మందెందుకు రాయలేదని అడిగే రోగికి ఇంతకంటే మంచి జవాబు లేదు. ఫ్లెకైనైడ్ ఇప్పటికీ వాడుకలో ఉంది, కానీ గుండె నిర్మాణం బాగున్నవారికే ఇస్తారు.

లయను సరిచేసే మందుల్లో అమియొడరోన్ బలమైనది, దాని బాధలూ బలమైనవే. 200 మిల్లీగ్రాముల మాత్రలో దాదాపు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. మనిషికి రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములే. అందుకే థైరాయిడ్ తగ్గవచ్చు, పెరగవచ్చు. పెరిగితే తగ్గిన దడ మళ్లీ మొదలవుతుంది. ఎండ తగిలిన చర్మం కందుతుంది, ఏళ్ల తరబడి వాడితే నీలిబూడిద రంగుకు తిరగవచ్చు. ఊపిరితిత్తులు, కాలేయం కూడా దెబ్బతినవచ్చు. మానేసినా ఒంట్లోంచి పోవడానికి వారాలు, నెలలు పడుతుంది. థైరాయిడ్, కాలేయ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించుకోవాలి. కొత్తగా పొడిదగ్గు, ఆయాసం వస్తే ఆలస్యం చేయకూడదు.

గుండె మందు డిజాక్సిన్‌కు మూలం డిజిటాలిస్ మొక్క. దాని వైద్య గుణాలపై విలియం విదరింగ్ 1785లో పుస్తకం ప్రచురించాడు. మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ తేడా కొంచెమే. వాంతులు, ఆకలి మందగించడం, చూపు పచ్చబడటం దాని హెచ్చరికలు.

ఒక మందు చేసిన చెరుపును కొత్త జబ్బనుకుని ఇంకో మందు వాడటం తరచూ జరిగేదే. బీపీ మందు ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. ఆ వాపుకు మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్ర మొదలవుతుంది. దానితో పొటాషియం తగ్గి అకాల స్పందనలు పెరుగుతాయి. అలాగే ఎనలాప్రిల్, రామిప్రిల్ అనే బీపీ మందుల వల్ల కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది. అది తెలియక తెచ్చుకున్న జలుబు మందులో ఫినైల్‌ఎఫ్రిన్ లాంటివి ఉంటే బీపీ పెరగవచ్చు, దడా రావచ్చు. పొటాషియం విషయంలో దీనికి విరుద్ధంగా జరిగేదీ ఉంది. స్పైరనొలాక్టోన్, రామిప్రిల్ పొటాషియంను పెంచుతాయి. కిడ్నీ సరిగా లేనివారు వీటిని వాడుతూ నీరసానికి మంచిదని రోజూ కొబ్బరినీళ్లు తాగితే ప్రమాదం. మరోవైపు అతిమధురం కలిసిన కషాయాలు ఎక్కువైతే పొటాషియం పడిపోతుంది.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం రాకుండా రక్తం పల్చబడే మాత్రలిస్తారు. వార్ఫరిన్, ఎసినోకుమరాల్ వాడేవారు తోటకూర, పాలకూర మానేయనక్కర్లేదు, రోజూ దాదాపు ఒకే మోతాదులో తింటే చాలు. అమియొడరోన్ తోడైతే వార్ఫరిన్ ప్రభావం పెరిగి రక్తస్రావం కావచ్చు. కీళ్లవాత జ్వరంతో కవాటాలు చెడినవారిపై జరిగిన ఇన్‌విక్టస్ అధ్యయనం 2022లో వెలువడింది. కొత్తరకం మాత్ర రివరాక్సబాన్ కంటే వార్ఫరిన్ లాంటి పాతకాలపు మాత్రలే అలాంటివారికి మేలని అందులో తేలింది. ఈ జబ్బు ఇంకా పోని మన దేశంలో ఇది చిన్న విషయం కాదు.

ఎస్‌వీటీకి ముందుగా మందు అక్కర్లేకపోవచ్చు. ఊపిరి బిగబట్టి 15 సెకన్లు ముక్కి, వెంటనే వెల్లకిలా పడుకుని కాళ్లు పైకెత్తించుకుంటే చాలామందికి ఆగిపోతుంది. ఈ పద్ధతిని డాక్టరు దగ్గర ఒకసారి నేర్చుకోవాలి. మళ్లీమళ్లీ వస్తుంటే తొడ దగ్గరి రక్తనాళం గుండా తీగ పంపి, తప్పుదారి కణాలను కాల్చేసే అబ్లేషన్ ఉంది. అది చాలామందికి శాశ్వత పరిష్కారం.

దడతోపాటు స్పృహ తప్పడం, ఛాతీనొప్పి, ఆయాసం ఉన్నా, వ్యాయామం మధ్యలో దడ వచ్చి కళ్లు తిరిగినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవారు ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. మందుల దుష్ఫలితాలను నమోదు చేసేందుకు భారత ప్రభుత్వం 2010లో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. దానికి రోగులు కూడా నేరుగా సమాచారం ఇవ్వవచ్చు.