పందిరి చరిత్ర

ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో పూర్తియైనది. దానిని కట్టించినవాడు ఆర్థర్ కాటన్ అని గోదావరి ప్రాంతపు ప్రతి విద్యార్థికిని తెలియును. ఆ ఆనకట్ట నీటితో పండు మధ్య డెల్టాలో, లొల్ల లాకులకు దగ్గరగా, ఆత్రేయపురము కలదు. పూతరేకులకు పేరుపొందిన ఊరు ఇది. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఇట్టి డెల్టా గ్రామముల పెరళ్లలో ఆనప, బీర, పొట్ల, చిక్కుడు పాదులకు కొమ్మలతోను, వెదురు గడలతోను పందిళ్లు వేయుదురు. మొదటి పందిరిని ఎవరు వేసిరి? ఎప్పుడు వేసిరి? చెప్పు శాసనము లేదు. ఆనకట్టకంటె పందిరి ఎంతో పాతదైనను, చరిత్ర పుస్తకములలో దానికి చోటు దొరకలేదు.

ఇందుకు కారణము కొయ్య స్వభావమే. పాతిన గుంజ ఎక్కడ కుళ్లునో ఎప్పుడైన గమనించితిరా? పై భాగము గట్టిగనే యుండును. లోతున నున్న మొన కూడ చాలకాలము నిలుచును. సరిగా నేలమట్టమున గుంజ విరిగిపోవును. కొయ్యను కుళ్లజేయు శిలీంధ్రములకు తేమ, గాలి రెండును కావలెను. లోతున గాలి తక్కువ, పైన తేమ తక్కువ. నేలమట్టమున రెండును సమకూరును. చెదలు కూడ నేలనుండియే పైకి ప్రాకును. అందుచేత కొన్ని వర్షకాలములు గడచునప్పటికి పందిరి మాయమగును, త్రవ్వి చూచువారికి దాని కొయ్య దొరకుట అరుదు.

అయినను రెండు చోట్ల దాని జాడ నిలిచినది. మొదటిది మాట. తెలుగున పందిరి, పందిలి, తమిళమున పందల్, కన్నడమున పకారము హకారమై హందర. ఇన్ని సోదర భాషలలో ఒకే మాట యుండుటను బట్టి ఇది నిన్న మొన్నటి వస్తువు కాదని ఊహింపవచ్చును. తమిళ పదమును ఆంగ్లేయులు కూడ తమ భాషలోనికి తీసికొనిరి.

రెండవది రాయి. ఏలూరు జిల్లా కామవరపుకోటకు సమీపమున గుంటుపల్లి కొండపై బౌద్ధులు తొలిపించిన గుండ్రని చైత్యగుహ కలదు. అది క్రీ. పూ. 2, 1 శతాబ్దముల నాటిది. దాని లోకప్పు వైపు చూచినచో, చుట్టు గోడనుండి వంగి పైకి పోయి నడుమ కలిసికొను వాసములు కనబడును. అవి కొయ్యవి కావు, రాతిలో చెక్కినవి. రాతి గుహకు వాసములతో పనిలేదు. కప్పును కొండయే మోయును. శిల్పి తాను ఎరిగిన కర్రకట్టడమును రాతిలో అనుకరించెను. బీహారులోని బరాబర్ కొండలలో, మౌర్యుల కాలపు లోమశ ఋషి గుహ ద్వారమును ఇట్లే కొయ్య ఇంటి ముఖమును పోలియున్నది. కాలగర్భమున కలిసిన కర్రపనికి ఈ రాళ్లే సాక్షులు.

ఇతర దేశములందును పందిరి కలదు. ఈజిప్టులో తీబ్స్ వద్ద క్రీ. పూ. 1400 ప్రాంతపు నఖ్త్ సమాధి గోడపై ద్రాక్షపందిరి క్రింద పండ్లు కోయు మనుష్యుల చిత్రము కలదు. ఫ్రాన్సులో లోజియే అను పండితుడు 1753లో ప్రకటించిన గ్రంథమున, చెట్ల మ్రానులు, కొమ్మలతో ఏర్పడిన పాకయే వాస్తువిద్యకు మూలమని వాదించెను. ఇంగ్లండులో 1767లో విలియం రైట్ చెక్కు తీయని కొమ్మలతోను, వేళ్లతోను కట్టు తోట పందిళ్ల నమూనాలు అచ్చువేసెను. అక్కడి ధనికులకు అది విలాసము, మన రైతుకు నిత్యావసరము.

పందిరి పనిలో శాస్త్రము లేదనుకొనరాదు. గుంజకు పైన పంగ ఉన్న కొమ్మను ఏరుదురు. ఆ పంగలో అడ్డవాసము కూర్చుండును గనుక మేకు అక్కరలేదు. చెట్టు పంగలో కొయ్య పీచులు ఒకదానితో నొకటి పెనవేసికొని యుండును. 2014లో మాంచెస్టరు విశ్వవిద్యాలయ పరిశోధకులు హేజెల్ చెట్టు పంగలను పరీక్షించి, ఈ పెనవేతయే వాటి బలమునకు ముఖ్య కారణమని చూపిరి. నాలుగు గుంజలు, నాలుగు వాసములు మాత్రమే యున్న పందిరి గాలికి ప్రక్కకు ఒరుగును. మూలలో ఏటవాలుగా ఒక కొమ్మ కట్టినచో త్రిభుజము ఏర్పడి ఊగక నిలుచును. కట్టుటకు కొబ్బరిపీచు త్రాడు మేలు. ఆ పీచులో లిగ్నిన్ హెచ్చుగా నుండుటచే అది తడిలో త్వరగా చివుకదు. తమలపాకు తోటలలో గుంజకు బదులు అవిసె చెట్టునే పెంచి దానిపైకి తీగను ప్రాకింతురు. బ్రతికిన చెట్టు కుళ్లదు. పైగా దాని వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు చేర్చును.

నేడు సిమెంటు స్తంభములు, ఇనుప తీగలతో శాశ్వత పందిళ్లు వచ్చినవి. అవి పెక్కు సంవత్సరములు మన్నును, రైతుకు మాటిమాటికి గుంజలు మార్చు శ్రమ తప్పును. వాటిని కాదనుటకు లేదు. కాని పాత పనితనము వ్రాతలో కంటె చేతులలోనే ఉన్నది. గుంటుపల్లి రాయి వాసముల ఆకారమును చూపును గాని, ఏ కొమ్మను ఏరిరో, ముడి ఎట్లు వేసిరో చెప్పదు. ఒక తరము నేర్చుకొనక పోయినచో ఆ భాగము తిరిగి దొరకదు.

కనుక ఉపాధ్యాయులు విద్యార్థులచేత తమ ఊరి పందిళ్లను పరిశీలింపజేయవలెను. గుంజ ఏ చెట్టుది? ఎంత లోతున పాతిరి? ఎన్నాళ్లు నిలిచినది? ముడి ఎట్టిది? వేసిన పెద్దలనడిగి, బొమ్మ గీసి, తేదీ వేసి పాఠశాలలో భద్రపరచినచో, ఇన్నాళ్లు వ్రాతకెక్కని ఈ విద్యకు అదియే మొదటి చరిత్ర పుస్తకము కాగలదు.