పెంపకం – దత్తత: బాలల సంరక్షణ చట్టాలలో ‘బంధువు’ (1856–2015)

కీలక పదాలు: పెంపకం, దత్తత, సంరక్షకత్వం, బంధుత్వం, వీరేశలింగం.

1. ఉపోద్ఘాతం

దత్తత, పెంపకం ఒకటి కావు. దత్తతతో బిడ్డ ఇంటిపేరు, గోత్రం, వారసత్వం మారుతాయి. పెంపకానికి తంతు లేదు, పత్రం లేదు. దిక్కులేని పిల్లలను అమ్మమ్మో, మేనమామో, పెదతండ్రో చేరదీసి సాకడమే పెంపకం. అలా సాకినవారిలో ఎవరిని చట్టం బంధువులుగా గుర్తించిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. 1856 చట్టం: పితృవంశానికే అధికారం

కందుకూరి వీరేశలింగం (1848–1919) నాలుగవ యేట తండ్రిని కోల్పోయి, పెదతండ్రి, నాయనమ్మల పెంపకంలో పెరిగారు. ఉమ్మడి కుటుంబంలో అటువంటి పెంపకానికి ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది. కాని వితంతువు మళ్లీ పెళ్లి చేసుకొంటే ఆమె బిడ్డలు ఎవరివద్ద పెరగాలన్నది వివాదాస్పదమైన ప్రశ్న.

1881 డిసెంబరు 11న వీరేశలింగం రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. అటువంటి వివాహాలకు చట్టబద్ధత కల్పించిన 1856 నాటి చట్టంలోని 3వ సెక్షన్ ఈ ప్రశ్నకు సమాధానం చెప్పింది. గతించిన భర్త వీలునామాలో సంరక్షకులను పేర్కొనకపోతే, అతని తల్లిదండ్రులు, తాత, నాయనమ్మ, లేదా అతని మగ బంధువులలో ఎవరైనా సంరక్షకుని నియమించమని కోర్టును కోరవచ్చు. తల్లివైపు అమ్మమ్మకు, మేనమామకు ఈ జాబితాలో చోటు లేదు. తల్లి బ్రతికి ఉన్నా, తల్లిదండ్రులిద్దరూ లేని పిల్లలకు వర్తించే నియమాలనే కోర్టు వీలైనంతవరకు అనుసరించాలి. పిల్లలకు పోషణకు చాలినంత సొంత ఆస్తి లేనప్పుడు మాత్రం తల్లి సమ్మతి కావాలి. సంరక్షకుడు పోషణకు, చదువుకు పూచీకత్తు ఇస్తే అదీ అక్కరలేదు. ఆస్తి ఉన్న బిడ్డ విషయంలో తల్లి మాటకు విలువ లేకపోవడం గమనార్హం.

3. తరువాతి చట్టాలు

1890 నాటి సంరక్షకుల చట్టం బిడ్డ సంక్షేమాన్ని ప్రమాణంగా తీసుకొంది. రక్తసంబంధపు సామీప్యాన్ని, ఊహ తెలిసిన బిడ్డ ఇష్టాన్ని కూడా పరిగణించమంది. 1956 నాటి హిందూ దత్తత చట్టం ఆడపిల్లల దత్తతకు, అవివాహితలు, వితంతువులు దత్తత తీసుకోవడానికి వీలు కల్పించింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం మతంతో నిమిత్తం లేకుండా బంధువుల మధ్య దత్తతను అనుమతించింది. తల్లి వైపు, తండ్రి వైపు తాతలు, అవ్వలు, పినతండ్రులు, మేనత్తలు, మేనమామలు, పినతల్లులు వంటివారు దత్తత విషయంలో ‘బంధువులు’ అయ్యారు. తమ్ముళ్లను, చెల్లెళ్లను సాకే అక్కకు, అన్నకు ఆ నిర్వచనంలో స్థానం లేదు.

4. ముగింపు

1856లో మినహాయింపునకు గురైన అమ్మమ్మ, మేనమామలకు 2015 నాటికి స్థానం లభించింది. అయితే ఆ గుర్తింపు దత్తతకే పరిమితం. దత్తత కోరకుండా సాకేవారు ఆ నిర్వచనానికి వెలుపలే ఉన్నారు. దత్తతకు పత్రాలు, తీర్పులు సాక్ష్యంగా మిగులుతాయి. పెంపకానికి మిగిలే ఆధారాలు ఎక్కువగా స్వీయచరిత్రలు, కుటుంబ జ్ఞాపకాలే. తెలుగు స్వీయచరిత్రలను ఈ దృష్టితో చదివితే, చట్టం నమోదు చేయని కుటుంబాల చరిత్రను రాయడం సాధ్యమవుతుంది.