ఉష్ట్రప్రసూతిచికిత్స

భారతదేశమునఁ బశువైద్యము మిగులఁ బ్రాచీనము. అశ్వములకు శాలిహోత్రమును జయదత్తుని యశ్వవైద్యకమును, గజములకుఁ బాలకాప్యుని హస్త్యాయుర్వేదమును బ్రమాణగ్రంథములు. తెనుఁగునను మనుమంచిభట్టు రచించిన హయలక్షణవిలాసము గలదు. ఒంటెకు మాత్ర మట్టి ప్రసిద్ధి గల శాస్త్రము లేదు. సుశ్రుతసంహిత యొంటె పాలగుణమును మూత్రగుణమును జెప్పినది. కాని యచట నొంటె యౌషధము నొసఁగునదియే గాని చికిత్స నందునది గాదు.

గజాశ్వములు చతురంగబలములఁ జేరినవి, ఒంటె చేరలేదు. కావున దానిం గూర్చిన యెఱుక గ్రంథములకంటె మారువాడదేశపు రైకాల చేతులయందే యెక్కువగా నిలిచినది. పార్వతి సృజించిన యొంటెను గాచుటకై శివుఁడు తమ మూలపురుషునిఁ బుట్టించెనని వారి యైతిహ్యము.

ఒంటె సుమారు 13 మాసములు గర్భము మోయును. సామాన్యముగా రెండేండ్లకొక్క పిల్లను గనును. ముందరికాళ్లును వానిపైఁ దలయును వెడలుట సహజప్రసవక్రమము. పిల్ల మెడయుఁ గాళ్లును మిక్కిలి పొడవగుటచేఁ దల ప్రక్కకు మరలుటయో, కాలు మడఁగుటయో సంభవించును. అప్పుడు బలిమి నీడ్చినచోఁ దల్లికిఁ బ్రాణాపాయము. పిల్లను గొంత లోనికిఁ ద్రోసి, యెడము గల్పించి, తప్పిన యవయవమును సరిచేసి తీయవలెను. అది సాధ్యము గానిచో, మృతశిశువును ఖండించి తీయుటయు, సజీవశిశువును దల్లి కడుపు గోసి తీయుటయు నేఁటి వైద్యుల పద్ధతి. గర్భాశయపుఁ గొమ్ములు రెండింటిలోఁ బిల్ల దాదాపుగా నెల్లప్పుడు నెడమదానియందే పెరుగును. కావున శస్త్రచికిత్స కెడమప్రక్కనే తఱచుగా నెన్నుకొందురు.

ఈ క్రమము మన పండితుల కపరిచితము గాదు. మూఢగర్భచికిత్స యందు సుశ్రుతుఁడు స్త్రీల విషయమున నడ్డము దిరిగిన శిశువును బైకిఁ ద్రోసి, యంగములను సరిచేసి తీయవలెననియు, సజీవశిశువును శస్త్రముచే నెన్నఁడును ఖండింపరాదనియు విధించెను. సూత్రము మన గ్రంథములయందుండఁగా నొంటెకు దాని నన్వయించిన శాస్త్రకారుఁడు ప్రసిద్ధుఁ డొక్కఁడును లేఁడు. 1878–80 నాఁటి యాఫ్గనుయుద్ధమున వేలకొలఁది యొంటెలు చచ్చెను. ఆంగ్లపశువైద్యులలోఁ గ్రాసు 1917లోను, లీసు 1927లోను నొంటెరోగములపై గ్రంథములు ప్రకటించిరి. 1984లో బికనీరున నుష్ట్రపరిశోధనకేంద్రము వెలసినది.

భారతదేశమున 2012 పశుగణనయందు సుమారు 4 లక్షలున్న యొంటెలు 2019 గణననాటికి 2.5 లక్షలకుఁ దగ్గినవి. 2014లో రాజస్థానప్రభుత్వ మొంటెను రాష్ట్రపశువుగాఁ బ్రకటించినది. గౌరవ మొక్కటియే సంతతిని నిలుపఁజాలదు. రెండేండ్లకొక్కమాఱు గను జంతువునకుఁ బ్రసవమునఁ గలుగు ప్రతినష్టమును దీర్పరానిది. మందలు దఱిగినకొలఁదిఁ గాపరుల హస్తకౌశలమును దఱుగును. దానిని లిఖించి శాస్త్రముతో సరిపోల్చుటకుఁ గాల మింకను మించిపోలేదు.